సమాధానం: గరివిడి గేదెల పాల రికార్డు, ఐకార్ సభ్యత్వం

గరివిడిలో మీ గేదెల పాల రికార్డుకు ఐకార్ సభ్యత్వం గురించి అడిగారు. ముందు పేరు దగ్గర పొరబడకండి. మీరడిగిన ఐకార్ ఢిల్లీ వ్యవసాయ పరిశోధన మండలి కాదు, 1951లో రోమ్‌లో మొదలైన అంతర్జాతీయ పశు రికార్డింగ్ కమిటీ. అందులో సభ్యత్వం సంస్థలకే. మీకు కావలసింది వాళ్ల మార్గదర్శకాలు. అవి వెబ్‌సైట్‌లో ఉచితం.

అసలు చిక్కు లెక్కలో ఉంది సార్. నెలకోసారి ఉదయం పాలు కొలిచి, రోజు పాల లెక్క కోసం రెండింతలు చేస్తున్నామన్నారు. సాయంత్రం 4కి పితికి, మళ్లీ ఉదయం 5కి పితికితే మధ్యన 13 గంటలు. 3.9 కిలోలొస్తే రెండింతలు 7.8, కానీ 13 గంటల పాలను 24 గంటలకు లెక్కిస్తే 7.2. ఇదీ ఉజ్జాయింపే. వాళ్ల ఏ4 పద్ధతిలో నాలుగు వారాలకోసారి రెండు పూటలూ తూచాలి. రెండు పూటలూ తూచే మనిషి దొరక్కపోతే ఏటీ4 పద్ధతి: ఒక నెల ఉదయం, మరుసటి నెల సాయంత్రం.

లీటర్లు వద్దు, నురగ మోసం చేస్తుంది. వేలాడే డిజిటల్ కాటాకు బకెట్ తగిలించి, ఖాళీ బరువు తీసేయండి. వెన్న శాతం నమూనా బాగా కలిపాకే తీయాలి, చివరి ధారల్లోనే వెన్నెక్కువ. పాలు దిగేందుకు (చేపుకి) దూడ తాగింది తూకంలో రాదు. ఆ సంగతి రికార్డులో పక్క గడిలో తప్పక రాయండి, లేకపోతే వేరే ఊరి లెక్కతో పోల్చలేం.