తిరుపతిలో ఉంటూ 18 అడుగుల బీచ్ కాటమరాన్ నడపడం సాధ్యమేనా?

మీ ప్రశ్న ఇది: ఉద్యోగం తిరుపతిలో. చెన్నై తీరంలో అమ్మకానికి వచ్చిన పాత 18 అడుగుల బీచ్ కాటమరాన్‌ను మీరూ మీ బావమరిదీ కలిసి కొనాలనుకుంటున్నారు. అంత పెద్దది తలకు మించిన భారమవుతుందా, 16 అడుగుల దానితో సరిపెట్టుకోవాలా అని అడిగారు. నేనూ తిరుపతి వాడినే. అదే కొలత పడవను కొన్నేళ్లుగా మా అమ్మాయితో కలిసి నడుపుతున్నాను. సాధ్యమే. అయితే పడవ గురించి ఆరా తీయడానికి ముందు మీ బావమరిదిని ఒక మాట అడగండి: సెలవు రోజున చీకటితోనే లేచి, రేణిగుంట, పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటుకుంటూ అక్టోబరు-డిసెంబరు తప్ప ఏడాదంతా మీతో వస్తారా? ఆయన సమాధానాన్ని బట్టే ఏ పడవ కొనాలో తేలుతుంది.

ఎందుకంటే పెద్ద కాటమరాన్ ఒంటరి మనిషి పడవ కాదు. రెండు సన్నని పొడవాటి పడవలను అల్యూమినియం దూలాలతో కలిపి, మధ్యలో గట్టి గుడ్డను బిగించి కడతారు. ఆ గుడ్డనే ట్రాంపొలిన్ అంటారు, కూర్చునేది దాని మీదే. హోబీ అనే కంపెనీ చేసే 16 అడుగుల పడవ హోబీ 16 బరువు సుమారు 145 కిలోలు, 18 అడుగుల హోబీ 18 బరువు సుమారు 180 కిలోలు. కాగితం మీద ఈ తేడా పెద్దగా అనిపించదు. మధ్యాహ్నపు ఎండలో మెత్తటి ఇసుక మీద పైకి లాగేటప్పుడు మాత్రం ప్రతి కిలో లెక్కకు వస్తుంది. వెడల్పు టైర్ల బండి లేకుండా ఆ పని తలపెట్టవద్దు. మాస్ట్ (తెరచాపను మోసే స్తంభం) ఎనిమిది మీటర్లకు పైగా ఉంటుంది. ఒకరు భుజం పెట్టి ఎత్తాలి, ఇంకొకరు ముందు నుంచి తాడు లాగాలి, అది పక్కకు ఒరగకుండా చూడాలి. ఎత్తే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో చూడండి. ఒడ్డున ఈ పొడవాటి అల్యూమినియం మాస్ట్‌లు తీగలకు తగిలి విదేశాల్లో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే హోబీ కంపెనీ మాస్ట్ పై కొసను విద్యుత్తు ప్రవహించని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టింది. మీరు చూసే పాత పడవకు ఆ కొస ఉందో లేదో అడగండి. ఉన్నా సరే, తీగల కింద మాస్ట్ ఎత్తకండి.

ఇంత శ్రమ ఎందుకు అంటారా? మధ్యాహ్నం దాటాక ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి స్థిరపడుతుంది. తీరపు అలలు దాటి, తెరచాపలు బిగించి, గాలి పక్క నుంచి తగిలేలా పడవను తిప్పుతాం. అమ్మాయి తన నడుము పట్టీ కొక్కేన్ని మాస్ట్ నుంచి దిగే తీగకు తగిలించి, పడవ అంచున పాదాలు ఆనించి, ఒళ్లంతా నీటి మీదికి వాల్చుతుంది. కాటమరాన్ అడుగున బరువైన కీల్ (పడవ ఒరగకుండా ఆపే అడుగు పలక) ఉండదు. దాన్ని నిలబెట్టేది వెడల్పూ, ఆ వెడల్పు అంచున వేలాడే మనిషి బరువూ. రెండింటిలో గాలివైపున్న పడవ నీటిని వదిలి జానెడు పైకి లేచిన క్షణాన రాపిడి ఒక్కసారిగా తగ్గుతుంది, చుక్కానులు సన్నగా మోగడం మొదలుపెడతాయి. మంచి గాలిలో గంటకు 30 కిలోమీటర్లు దాటుతాం. ఇంజను లేదు, పొగ లేదు. వేగం పెరిగే కొద్దీ గాలి ముందు నుంచి వీస్తున్నట్టు మారుతుంది, కాబట్టి తెరచాపను ఇంకా లోపలికి లాగుతూనే ఉండాలి. తాడు నా చేతిలో, బరువు తన పాదాల్లో. నేను వదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే తను ముందే ఇంకాస్త బయటికి వాలి పడవను సర్దుతుంది. మాటలతో పని ఉండదు. ఇంట్లో మేమిద్దరం ఏ పనిలోనూ ఇంత బాగా కలిసి కదలం. నా జీవితంలో ఇంతకు మించిన సంతోషాలు తక్కువ.

పెద్దదే ఎందుకు అన్న దానికి గట్టి కారణం ఒకటుంది. హోబీ 16 ముక్కులు సన్నగా ఉంటాయి. గాలి బలంగా ఉన్నప్పుడు కింది పడవ ముక్కు అలలో మునిగి, పడవ మొత్తం ముందుకు పల్టీ కొట్టడం దానికి అలవాటు. 18 అడుగుల వాటి ముక్కుల్లో తేలే గుణం ఎక్కువ. ముగ్గురు ఎక్కినా కుంగదు, అలను చీల్చుకుని పోతుంది. అయినా ముక్కు దిగుతున్నట్టు అనిపిస్తే ఇద్దరూ వెనక్కి జరగాలి, ముందువైపు ఉండే చిన్న తెరచాపను కాస్త వదలాలి.

గాలికి ఎదురుగా తిరగడంలో మాత్రం ఇవన్నీ మొండివే. ముందు వేగం అందుకోండి, చుక్కానిని నెమ్మదిగా తిప్పండి, ముందువైపు తెరచాపను వెంటనే అటువైపు లాగేయకండి. అది వెనుక నుంచి గాలి పట్టి ముక్కును తిప్పాక లాగాలి.

బోల్తా పడటం గురించి మీరు అడగలేదు, కానీ తప్పక తెలుసుకోవాలి. తాళ్లన్నీ వదిలేసి, ముక్కులను గాలివైపు తిప్పి, పైనున్న పడవ మీదుగా వేసిన తాడు పట్టుకుని, కింది పడవ మీద నిలబడి వెనక్కి వాలాలి. తెరచాప కొద్దిగా నీటిని వదిలితే చాలు, గాలి దాని కిందికి దూరి సాయం చేస్తుంది. పడవ లేచేటప్పుడు దాన్ని గట్టిగా పట్టుకోండి. లేకపోతే అటువైపు మళ్లీ పడుతుంది, లేదా మిమ్మల్ని నీటిలో వదిలేసి పోతుంది. దీనికి బరువు కావాలి. మా ఇద్దరిదీ కలిపితే 120 కిలోలే, అందుకే తాడుకు తగిలించి సముద్రపు నీటితో నింపే సంచి ఒకటి వెంట ఉంచుకుంటాం. గాలి ఎక్కువగా ఉన్న రోజున మేము దిగే తీరపు ఊరి మత్స్యకార కుటుంబానికి చెందిన ఒక యువకుడు మూడో మనిషిగా వస్తాడు. వల ఎక్కడ ఉంది, నీరు ఎటు లాగుతోంది అన్నది మా ఇద్దరికన్నా అతనికే బాగా తెలుసు. తీరంలో ఎవరినైనా స్నేహం చేసుకోవాలంటే ముందు మత్స్యకారులను చేసుకోండి.

ఉదయం పూట తొందరపడి దిగకండి. ఆ వేళ గాలి తరచూ నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది, ఒడ్డున నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఏదైనా తాడు తెగితే ఆ గాలి మిమ్మల్ని లోపలికే తీసుకుపోతుంది. లైఫ్ జాకెట్, తాడు కోసే కత్తి, ఈల, నీరు చొరని సంచిలో ఫోను తప్పనిసరి. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందులో ముందే ఉండాలి.

చాలామంది నన్ను పులికాట్ సంగతి అడుగుతారు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక ఆ సరస్సులో పెద్ద భాగం మన జిల్లాలోకే వచ్చింది కాబట్టి ఆశ సహజం. కానీ అది పక్షుల అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట. నీరు చాలా చోట్ల నడుము లోతు కూడా ఉండదు, చుక్కానులు బురదలో దిగబడతాయి. రాజహంసలు మేత మేసే చోట తెరచాపతో దూసుకెళ్లడం నాకు ఇష్టం లేదు. సూళ్లూరుపేట దాకా వెళ్లి వాటిని ఒడ్డు నుంచే చూడండి.

కొనేటప్పుడు పడవ పైభాగాన్ని బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కి చూడండి. ఎక్కడైనా మెత్తగా దిగితే లోపలి పొరలు విడిపోయినట్టే, బేరం ఆపేయండి. మాస్ట్‌ను నిలబెట్టే ఉక్కు తీగల్లో ఒక్క పోగు తెగి ఉన్నా అన్నీ కొత్తవి వేయించాలి. తెరచాప, ట్రాంపొలిన్ కుట్లు ఎండకు పొడిబారి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. రెండు పడవల వెనుక ఉండే నీటి బిరడాలు ఉన్నాయో లేదో చూడండి. ఒడ్డున వాటిని తీసి ఉంచాలి, దిగే ముందు బిగించాలి.

బావమరిది ఖాయంగా వస్తానంటే 18 తీసుకోండి. తడబడితే 16 మేలు. దానికీ తోడు కావాలి గానీ, బీచ్‌లో ఎవరో ఒకరిని పిలిచి పని జరుపుకోవచ్చు. చెన్నై ఓడరేవులో 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్‌లోనూ, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్‌లోనూ శిక్షణ ఇస్తారు. ఇద్దరూ కలిసే చేరండి. ఫిబ్రవరిలో మొదలుపెడితే అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపు చేతులు అలవాటు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మాస్ట్ దించి, తెరచాపలు ఇంటికి తెచ్చుకుని, పడవను అలలు అందని ఎత్తులో, ఇసుకలో లోతుగా పాతిన గుంజలకు కట్టేయండి.