42 వేల పదాలకే నవల అయిపోయింది, 80 వేలకి పెంచాలా?

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చిందండీ, ఎందుకంటే ఆరేళ్ళ కింద నాది సరిగ్గా దీనికి రివర్సు. మీరేమో కథ 42,000 పదాలకే ముగిసింది, నెట్‌లో అందరూ 80,000 అంటున్నారు అని కంగారు పడుతున్నారు. నేనేమో 1,10,000 రాసేసి, అబ్బో పెద్ద నవల రాశాను అని కాలరెగరేసుకుని తిరిగా.

ముందు ఆ 80,000 సంగతి వదిలేయండి, అది ఇంగ్లీషు లెక్క. మనం "వెళ్ళిపోయాడనుకున్నాను" అని ఒక్క పదంలో తేల్చేసేదానికి వాళ్ళకి ఐదారు పదాలు కావాలి. పైగా మన దగ్గర పదాల కంటే పేజీల లెక్కే నడిచింది, పాత పోటీ ప్రకటనల్లో కూడా అరఠావుకి ఒకవైపే రాయాలి అనేవాళ్ళు, సీరియల్ అయితే ఎన్ని వారాలొస్తుంది అని అడిగేవాళ్ళు. మామూలు 1/8 డెమ్మీ (మన నవలలు ఎక్కువగా వచ్చే సైజు) పుస్తకంలో పేజీకి సుమారు 200 పదాలు అనుకుంటే (ఫాంటు సైజుని బట్టి మారుతుందనుకోండి) మీది 210 పేజీలు. అది చిన్న నవలేం కాదు!

ఇక నా సంగతి. ప్రింటు తీస్తే ఏ4లో 360 పేజీలు దాటింది, మా ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారికి ఇచ్చా. ఆయనకో అలవాటు, ఏ రోజు ఎక్కడ చదవడం ఆపితే అక్కడ పక్కన పెన్సిల్‌తో తేదీ వేస్తారు. నెల తర్వాత కట్ట తిరిగిచ్చి "బానే ఉందిరా" అన్నారంతే, ఇంకేం చెప్పలేదు. ఇంటికొచ్చి తిరగేస్తే మొదటి 90 పేజీల్లో రెండే తేదీలున్నాయి. 140 నుంచి 178 దాకా, అంటే హీరో వాళ్ళ అక్క పెళ్ళి, ఆ 39 పేజీల్లో తొమ్మిది తేదీలు!! ఒకచోటైతే పేజీన్నరకే ఆపేశారు, వంటవాళ్ళు గుమ్మడికాయలు తరిగే సీను అది, నేను తెగ మురిసిపోతూ రాసుకున్నది.

కోపమొచ్చింది, వారం ముట్టుకోలేదు. తర్వాత ఆ పెళ్ళి మొత్తం తీసేసి, అంతా అయిపోయాక రాత్రి తండ్రి షామియానా వాడితో కూర్చుని కుర్చీలు లెక్కపెట్టుకుంటే రెండు తక్కువొస్తాయే, అది ఒక్కటీ ఉంచా, నాలుగు పేజీలు. అలా తేదీలు ఎక్కువున్న చోటల్లా కోసుకుంటూ పోతే 46,000 దగ్గర ఆగింది.

అచ్చుకి వెళ్ళాక ఇంకో లెక్క. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పేర్చడం) అయ్యాక అన్నీ కలిపి 230 పేజీలొచ్చింది. ప్రెస్సులో పేజీలు విడివిడిగా కాదు, ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితం మడతకి ఇన్ని అని వేస్తారు. ఫారానికి 16 పేజీలు కాబట్టి 14 ఫారాలకి 224, ఆరు పేజీలు ఎక్కువ. ఆ ఆరింటి కోసం ఇంకో ఫారం ఎందుకండీ ఖర్చు దండగ, ఎక్కడైనా తగ్గించండి అన్నాడు ప్రెస్సతను. నేను రాసుకున్న "నా మాట" కరెక్టుగా ఆరు పేజీలుంది, తీసేశా. అదేమైందని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

కాబట్టి మీరు పెంచడానికని ఏమీ పెంచొద్దు. పోటీకి పంపేటట్లయితే మాత్రం ప్రకటనలో ఎన్ని పేజీలన్నారో అది పాటించాల్సిందే, దానికి వేరే దారి లేదు. లేదంటే ఇద్దరికి చదవడానికివ్వండి, మీ ఇంట్లోవాళ్ళు కాకుండా. ఒక్కోసారి వాళ్ళు గబగబా చదివేసి, ఇదేంటి ఈవిడ ఇంత తొందరగా ఒప్పేసుకుంది అని అడుగుతారు, అలాంటి చోట రెండు సీన్లు నిజంగానే కావాలేమో చూసుకోండి.

అన్నట్టు, ప్రింటు తీయించే ఇవ్వండి, పేజీ నంబర్లు వేసి. పీడీఎఫ్ వాట్సాప్ చేస్తే "చదివా, సూపర్" అని వస్తుంది, తేదీలు రావు.