చూపు తగ్గుతున్న మనిషిని రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

చూపు తగ్గుతున్న మనిషి మీద నువ్వు పంపిన కథ చదివాను. ఇల్లు కళ్లకు కట్టింది కానీ అతని కన్నే తప్పింది. నీటికాసులు (గ్లాకోమా) ముదిరినవాడికి "చుట్టూ నల్లటి తెర కమ్ముకుంది" అన్నావు. అలా ఉండదు. చూపు పోయిన అంచుల్లో నలుపేమీ కనపడదు, మెదడే అక్కడ అతుకు వేసేస్తుంది. అందుకే చాలాకాలం అతనికే తెలియదు. తలుపు అంచు భుజానికి కొట్టుకుంటుంది, పక్కనుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఊడిపడతాడు. అవి రాయి, తెర తీసెయ్.

అసలు అతని జబ్బు నీటికాసులేనా, ఇంకోటా ముందు తేల్చుకో. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా (కంటి వెనకపొర) జబ్బు సాధారణంగా రేచీకటితో మొదలై, చూపును గొట్టంలా సన్నబరుస్తుంది. మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, దెబ్బతింటే నడిమి చూపు పోతుంది: గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డవాళ్ల ముఖం కనిపించదు. ముఖం కాస్తయినా ఆనాలంటే చెవి వైపు చూడాలి. 'నా వంక చూడను కూడా చూడడు' అని ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. (నీకు ఇంకో కథ ఇక్కడే ఉంది.) శుక్లాలైతే నీలం మసకబారుతుంది, తెలుపు పసుపు తిరుగుతుంది. ఏళ్లుగా లేతపసుపని గుర్తున్న గోడ ఆపరేషన్ తర్వాత తెల్లగా బయటపడుతుంది.

ఇక జ్ఞాపకం. తలుచుకున్నప్పుడల్లా అది కొంత మారగలదు. మనం మళ్లీ వెళ్లి సరిచూసుకుంటాం. అతనికి ఆ వీలు రోజురోజుకూ తగ్గుతుంది. కొట్టేసిన చెట్టు అతని మనసులో నిలబడే ఉంటుంది. దీన్ని మెట్ల మీద చూపించు. 14 మెట్లని కాలికి తెలుసు. మరమ్మతులో ఒకటి పోయింది. లేని మెట్టు కోసం లేచిన పాదం దబ్బున కిందికి దిగుతుంది, మోకాలు అదురుతుంది, చెయ్యి కమ్మీ కోసం తడుముకుంటుంది. అతనికి ముందు కోపం వస్తుంది, భయం తర్వాత.

సాధన చెయ్యాలంటే ఒక చోటు ఎంచుకుని ఒక పేజీ రాయి, పైన తేదీ వెయ్యి. ప్రతి వాక్యం పక్కనా చూసిందా, విన్నదా, తాకిందా, ఎవరో చెప్పిందా గుర్తుపెట్టు. అక్కడి చప్పుళ్లు 10 నిమిషాలు రికార్డు చెయ్యి. మూడు నెలలాగి, పాత పేజీ తియ్యకుండా మళ్లీ రాయి. రెండూ పొసగని చోట్లు దిద్దకు, నీకు కావలసినవి అవే.

చూపు బాగా తగ్గాక కొందరికి లేనివి కనిపిస్తాయి: నగిషీలు, చిన్నచిన్న మనుషులు. స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త షార్ల్ బొన్నె 1760లో తన తాతగారి విషయంలో రాసింది ఇదే. ఇది పిచ్చి కాదు. అవి నిజం కావని సాధారణంగా వాళ్లకు తెలుసు. నువ్వు దాన్ని దయ్యం చేశావు, మార్చు.

తిరగరాసి పంపు. జబ్బు పేరు కథలో అక్కర్లేదు, మార్జిన్‌లో నాకోసం రాస్తే చాలు.