ఈసీ క్లీన్‌గా ఉంది, ఫ్లాట్ కొనేయొచ్చా?

విశాఖ కూర్మన్నపాలెం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "నా జీతం 85 వేలు. అద్దెకిద్దామని మధురవాడలో 52 లక్షల ఫ్లాట్ చూశాను. బ్యాంకు 40 లక్షలు ఇస్తానంది. రిజిస్ట్రేషన్‌తో కలిపి ఇంకో 16 లక్షలు కావాలి, ఉన్న ఎఫ్‌డీ 8 లక్షలు తీసేసి, మిగతా 8 లక్షలు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి లావాదేవీల పత్రం) క్లీన్. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, నివాసానికి అనుమతి పత్రం) రెండు నెలల్లో వస్తుందంటున్నాడు బిల్డర్. అద్దె 16 వేలు వస్తుంది. 50 వేలు టోకెన్ ఇచ్చాను. ముందుకెళ్లమంటారా?"

వద్దండి. ఇప్పుడున్న పరిస్థితిలో అస్సలు వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, అన్నింటిలోనూ "ఈసీ క్లీన్" అన్న మాటే ధైర్యంగా రాస్తారు, అందుకే వివరంగా చెబుతున్నాను.

ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. కట్టింది ప్లాన్ ప్రకారమేనా, కోర్టులో కేసుందా అన్నది అందులో ఉండదు. మీరు పంపిన కాపీ చూశాను, ఫ్లాట్ నంబరు మీద, 2019 నుంచి మాత్రమే తీశారు. స్థలం సర్వే నంబరు మీద 30 ఏళ్లకు తీయించండి. ప్లాన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో మామూలుగా 10 శాతం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పేరున తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే దాన్ని వదులుతారు. మీ ఫ్లాట్ ఆ 10 శాతంలో ఉందేమో చూశారా? స్థలం యజమానికీ బిల్డర్‌కీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ తెప్పించి, మీ ఫ్లాట్ ఎవరి వాటాలోదో కూడా చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని నిర్ధారించుకోండి, సింహాచలం దేవస్థానంతో వివాదం ఉన్న పంచగ్రామాల భూముల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు ఎన్నేళ్లు తిరిగారో మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఇంటి పన్ను రసీదు చూపిస్తే నమ్మేయకండి, అనుమతి లేని కట్టడాలకూ జరిమానాతో కలిపి పన్ను వేస్తారు, దాంతో హక్కు రాదు. బ్యాంకు లోన్ ఇస్తోంది కదా అంటారు, బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రతే.

ఇక డబ్బు సంగతి. 40 లక్షలకు ఎనిమిదిన్నర శాతంతో 20 ఏళ్లంటే ఈఎంఐ దాదాపు 34,700. పర్సనల్ లోన్ 13 శాతంతో ఐదేళ్లకు మరో 18,200. మొత్తం 52,900. అద్దె ఠంచనుగా వచ్చినా నెలకు 37 వేలు మీ జేబులోంచే వెళ్తాయి, రాకపోతే ఇంటి ఖర్చులకు మిగిలేది 32 వేలు. ఓసీ రెండు నెలలు కాస్తా ఏడాది అయితే? ఎఫ్‌డీ కూడా ఖాళీ చేసేశాక ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే దేన్ని తీస్తారు?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నా దగ్గరకొచ్చే ఒకాయన అద్దె ఇంటి కిటికీ అద్దాలన్నీ పగిలిపోయి, అద్దెకున్నవాళ్లు సామాన్లు సర్దుకుని ఊరెళ్లిపోయారు. ఇన్సూరెన్స్ లేదు, చేతిలో డబ్బు లేదు, రిపేర్లు క్రెడిట్ కార్డు మీద చేయించారు, ఆ కార్డు బాకీ తీర్చడానికి మళ్లీ ఇంకో లోన్. ఆయన ఫ్లాట్ బాగుంది, పేపర్లూ బాగున్నాయి. ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోలేదు, అంతే.

కాబట్టి ఎఫ్‌డీలో కనీసం ఐదు లక్షలు ముట్టుకోకండి, అది మీ ఎమర్జెన్సీ ఫండ్. డౌన్ పేమెంట్‌కు పర్సనల్ లోన్ తీసుకోవడం మాత్రం నేను ఎవరికీ ఒప్పుకోను, దయచేసి ఆ ఆలోచన మానేయండి. రెండు మూడేళ్లు దాచి, ఇంకా చిన్న ఫ్లాట్ చూడండి, కొన్న రోజే హోమ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. 50 లక్షలు, ఆపైన కొనుగోలుకు 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి పట్టుకునే పన్ను) మీరే పట్టి కట్టాలి, అద్దె ఒప్పందం రిజిస్టర్ చేయించాలి, ఇవి అప్పుడు చూసుకుందాం.

టోకెన్ రసీదు తీసి చదవండి. ఓసీ రాకపోతే డబ్బు వెనక్కిస్తామన్న మాట అందులో లేకపోతే ఈ వారమే బిల్డర్ దగ్గరికి వెళ్లి డబ్బు వెనక్కి అడగండి, ఇవ్వనంటే ఆ షరతైనా రాయించుకుని సంతకం పెట్టించండి, అంతవరకు ఇంకో రూపాయి ఇవ్వకండి.