షేర్ బటన్ నీ చేతికొచ్చింది, జాగ్రత్త

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మీ టీమ్ రిపోర్టులు, షీట్లు, మీటింగు నోట్సు అన్నీ ఇకనుంచి నువ్వే చూసుకోవాలన్నారట. "ఎవరికి ఎడిట్ ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఒక లిస్టు చెప్పు మామయ్యా" అని అడిగావు. మీవాళ్ళెవరో నాకు తెలీదు కాబట్టి లిస్టు చెప్పలేను. ఇన్నేళ్ళూ పదిమంది చేతులు పడే డాక్యుమెంట్లతోనే గడిపినవాణ్ణి కనుక ఒక్క మాట చెప్తాను. ఎడిట్ ఒకరికి ఎక్కువిచ్చినా కొంప మునిగేదేమీ లేదు, తప్పు రాస్తే దిద్దుకోవచ్చు. ఇంకొకళ్ళని లోపలికి రానిచ్చే హక్కు ఎవరికుంది, ఫైలు ఎవరి పేరు మీదుంది, ఈ రెండూ మాత్రం గట్టిగా పట్టుకో. జనం వీటిని వదిలేసి ఎడిట్ దగ్గరే కొట్టుకుంటారు.

మీరు వాడేది గూగుల్ డాక్సే కదా, దాన్నే తీసుకుందాం. షేర్ నొక్కితే వచ్చే పెట్టెలో మనిషి పేరు పక్కన వ్యూయర్ (చూడ్డమే), కామెంటర్ (పక్కన మాట రాయడం), ఎడిటర్ (లోపల దిద్దడం) అని మూడుంటాయి. అందరి కళ్ళూ అక్కడే ఆగిపోతాయి. అదే పెట్టెలో పై మూల చిన్న గేర్ గుర్తు ఒకటుంటుంది, నొక్కి చూడు. ఎడిటర్లు పర్మిషన్లు మార్చవచ్చు, షేర్ చెయ్యవచ్చు అన్న గడికి టిక్ ముందే పెట్టి ఉంటుంది. అంటే నువ్వు ఎడిటర్‌గా చేర్చిన ప్రతివాళ్ళూ, నిన్ను అడగకుండానే, ఇంకెవర్నైనా ఎడిటర్‌గా చేర్చవచ్చు. ఇంటి తాళంచెవి ఇవ్వడం వేరు, దానికి మారుచెవులు చేయించి పంచుకోమనడం వేరు. ముఖ్యమైన ఫైలు ఏది తెరిచినా మొదట ఆ టిక్ తీసెయ్. తీసేశాక కూడా వాళ్ళు మామూలుగానే రాసుకుంటారు, చాలామందికి తేడా కూడా తెలీదు.

ఇదేదో ఈమధ్య పుట్టిన పట్టింపు అనుకోకు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే కంప్యూటర్ పరిశోధకుడు చేసిన ప్రదర్శనలో, దూరాన మెన్లో పార్కులో కూర్చున్న సహోద్యోగికి తన తెర మీది పాఠం కనిపించేలా చేశాడు. అవతలి మనిషికి కూడా తెర మీద ఒక పాయింటర్ ఇచ్చాడు. దాంతో చూపించవచ్చు, మాట్లాడుకోవచ్చు. అజమాయిషీ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు, ఆ సంగతి సరదాగా చెప్పాడు కూడా. ఇద్దరే ఉన్న చోట కూడా ఆ తేడా అవసరమైంది. మీరెంతమంది? పద్నాలుగా?

ఇక లింకు సంగతి. కింద జనరల్ యాక్సెస్ అన్న చోట రిస్ట్రిక్టెడ్ అని ఉంటే పేరున్నవాళ్ళే రాగలరు. దాన్ని "లింకు ఉన్న ఎవరైనా" అని మార్చావా, ఇక లిస్టులో పేర్లకి అర్థం లేదు. లింకు ఒక గ్రూపులో పడితే అక్కణ్ణుంచి ఎక్కడికైనా పోతుంది. నువ్వు డాక్యుమెంటు తెరిచినప్పుడు పై మూలలో పేర్లకి బదులు అనామక జంతువుల బొమ్మలు కనిపిస్తే, లింకు పట్టుకుని వచ్చినవాళ్ళు లోపల ఉన్నారన్నమాట. బొమ్మలు ముద్దుగానే ఉంటాయి గానీ అవి ఎవరివో నీకు తెలీదు, వాళ్ళు మార్పులు చేస్తే, ఎవరు ఎప్పుడేం మార్చారో చూపే హిస్టరీలో కూడా పేరు రాదు. అందరికీ చూపించాల్సిన నోటీసు లాంటిదైతే లింకు తెరిచిపెట్టు, వ్యూయర్‌గా మాత్రమే. "లింకు ఉన్న ఎవరైనా" పక్కన ఎడిటర్ అని పెట్టాల్సిన అవసరం నాకైతే ఎప్పుడూ కనబడలేదు. హడావిడిలో పెట్టేస్తారు, మీటింగు అయ్యాక ఎవరికీ గుర్తుండదు.

ఎడిట్ ఇవ్వడంలో మనవాళ్ళని ముంచేది మొహమాటం. పెద్దాయన అడిగాడు, పక్క టీమ్ మేడమ్ అడిగింది, కామెంటర్ అంటే చిన్నబుచ్చుకుంటారేమో అని ఎడిటర్ ఇచ్చేస్తాం. నిజానికి అడిగినవాళ్ళలో చాలామందికి కావలసింది కామెంటరే. కామెంటర్ ఏ వాక్యం దగ్గరైనా తన మాట రాయవచ్చు, మార్పు సూచించవచ్చు. సూచించిన మార్పు రంగులో కనబడుతుంది, ఒప్పుకునేదీ కాదనేదీ డ్రాఫ్టు రాసేవాళ్ళు. పై ఆఫీసర్లకి నిజంగా ఇదే గౌరవం. వాళ్ళ మాట వాళ్ళ పేరుతో పక్కన నిలబడుతుంది, ఎవరో దిద్దిన పేరాలో కలిసిపోదు. ఇలా చెప్పి చూడు, నొచ్చుకోరు.

యాక్సెస్ అడుగుతూ మెయిళ్ళు వస్తాయి. రాత్రి ఫోన్‌లో చూసి, తెలిసిన పేరే కదా అని నొక్కెయ్యకు. పేరు కాదు, దాని కింద ఉన్న ఈమెయిల్ అడ్రస్ చదువు. మీ ఆఫీసులో మనిషే, ఫైలులో ఆఫీసు అడ్రస్‌తో ఇప్పటికే ఉంటారు. బ్రౌజర్‌లో సొంత అకౌంట్ తెరిచి ఉండటం వల్ల లోపలికి రాలేక రిక్వెస్టు కొట్టి ఉంటారు. నువ్వు సరే అన్నావంటే ఇక ఆ సొంత అడ్రస్ ఫైలులో ఉండిపోతుంది. రేపు ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఆఫీసు అకౌంట్ మూసేస్తారు, ఇది మాత్రం తెరిచే ఉంటుంది. "ఆఫీసు అకౌంట్‌తో తెరిచి చూడండి" అని ఒక్క లైను జవాబిస్తే చాలు, పదింట ఎనిమిదిసార్లు వ్యవహారం అక్కడే తేలిపోతుంది.

ఇవన్నీ విని మరీ బిగించకు. 1975లో జెరోమ్ సాల్ట్జర్, మైఖేల్ ష్రోడర్ కంప్యూటర్ భద్రత మీద రాసిన పత్రంలో ఎవరికైనా పనికి సరిపడా హక్కులే ఉండాలన్నారు. మొదట ఏమీ లేనట్టు మొదలుపెట్టి, కావలసింది ఇచ్చుకుంటూ వెళ్ళమన్నారు. మంచి మాట. చాలామంది అందులో "సరిపడా" అన్న ముక్క మింగేస్తారు. రోజూ అంకెలు నింపాల్సిన పిల్లాడికి వ్యూయర్ ఇచ్చావనుకో, వాడు నీతో వాదించడు. ఫైలు కాపీ చేసుకుని అందులో నింపుకుంటాడు. వారం తిరిగేసరికి "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే అసలు ఫైనల్" అని మూడు తిరుగుతుంటాయి, వాటి మీద నీకు ఏ అదుపూ ఉండదు. రాసే పని ఉన్నవాళ్ళకి ఎడిట్ ధారాళంగా ఇవ్వు.

రాసినవాళ్ళు చెడగొడితే? దానికి వెర్షన్ హిస్టరీ ఉంది. ఎవరో మొత్తం సెలెక్ట్ చేసి పొరపాటున చెరిపేశారనుకో, పాత వెర్షన్ తెరిచి రిస్టోర్ నొక్కాలని చెయ్యి లాగుతుంది. ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఎవరెవరు ఏం రాశారో చూడు. చెరిగింది పది గంటలకి, నువ్వు చూసింది పన్నెండుకి అయితే, మధ్యలో ముగ్గురు రాసింది కూడా ఆ రిస్టోర్‌తో డాక్యుమెంటులోంచి పోతుంది. హిస్టరీలో వెతుక్కోవచ్చు గానీ వాళ్ళకి ఆ టెన్షన్ ఎందుకు? పాత వెర్షన్‌లోంచి పోయిన పేరాలు మాత్రమే కాపీ చేసి తెచ్చి అతికించు. పైవాళ్ళకి పంపే ముందు ఆ వెర్షన్‌కి పేరు పెట్టుకుంటే తర్వాత వెతకడం తేలిక.

ఈ హిస్టరీకి ఇంకో వైపు ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ఎడిటర్ అయినవాళ్ళకి ఇప్పటి పాఠమే కాదు, పాత వెర్షన్లు కూడా కనిపిస్తాయి. మొదటి డ్రాఫ్టులో జీతాల అంకెలు ఉండి, తర్వాత తీసేశారు. బయటి ఏజెన్సీవాళ్ళని ఎడిటర్లుగా చేర్చారు. రెండు క్లిక్కుల్లో ఆ అంకెలు వాళ్ళ ముందుంటాయి. కామెంట్లూ అంతే. కామెంటర్‌గా చేర్చినా చాలు, "వీళ్ళు ఎక్కువ అడుగుతున్నారు, తగ్గిద్దాం" అని మీలో మీరు రాసుకున్నది కూడా చదివేస్తారు. బయటివాళ్ళకి ఎప్పుడూ అసలు ఫైలు ఇవ్వకు. కామెంట్లు లేకుండా ఒక కాపీ తీసి దాన్ని షేర్ చెయ్యి. కాపీకి హిస్టరీ కొత్తగా మొదలవుతుంది. ఆఫీసు అకౌంట్లు చాలావాటిలో యాక్సెస్‌కి గడువు తేదీ పెట్టుకునే వీలుంటుంది, బయటివాళ్ళకి అదీ పెట్టు.

షీట్ల దగ్గర ఇంకాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకో. కొన్ని గడులకి ప్రొటెక్ట్ పెట్టడం మంచిదే, ఫార్ములా మీద చెయ్యి పడకుండా కాపాడుతుంది. అది రహస్యాన్ని దాచేది మాత్రం కాదు, గూగుల్ సహాయ పేజీయే దాన్ని భద్రత కోసం వాడొద్దంటుంది. దాచిపెట్టిన షీటు కూడా అంతే. ఫైలు కాపీ తీసుకుంటే అందులో తెరిచి చూడవచ్చు. అన్నిటికన్నా మెలిక ఇంపోర్ట్‌రేంజ్‌తో, అంటే ఒక షీటులోది ఇంకో షీటులోకి తెచ్చే ఫార్ములాతో. నీ షీటులోంచి ఒక్క కాలమ్ తన షీటులోకి తెచ్చుకుంటానని ఎవరైనా అడిగితే నువ్వు "అనుమతించు" నొక్కుతావు. ఆ అనుమతి ఒక్క కాలమ్‌కి కాదు. అవతలి షీటులో ఎడిటర్లయిన ఎవరైనా ఇక నీ షీటు మొత్తంలో ఏ భాగాన్నైనా లాక్కోవచ్చు, నీ షేర్ లిస్టులో వాళ్ళ పేరు లేకపోయినా. చూపించాల్సిన కాలమ్‌ని విడిగా ఒక ఫైలులో పెట్టి, దాన్ని కలపడమే మార్గం.

డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ ఆపే గడి కూడా ఆ గేర్‌లోనే ఉంది. చూసేవాళ్ళకీ కామెంట్లు పెట్టేవాళ్ళకీ అది పనిచేస్తుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే ఆపేదేమీ లేదు కాబట్టి దాని మీద పెద్దగా ఆశలు పెట్టుకోకు.

ఫోల్డర్ల విషయంలో ఒకటే గుర్తుంచుకో. ఫైలుని ఏ ఫోల్డర్లోకి లాగి పడేస్తే ఆ ఫోల్డర్ చూడగలిగినవాళ్ళందరికీ అది కనిపిస్తుంది. లాగే ముందు ఆ ఫోల్డర్ షేర్ లిస్టు తెరిచి చూడు. గ్రూపు మెయిల్ ఐడీకి షేర్ చేసి ఉంటే ఆ గ్రూపులో ఎవరున్నారో కూడా చూడాలి, షేర్ పెట్టెలో కనిపించేది గ్రూపు పేరు ఒక్కటే.

ఇప్పుడు ఓనర్ సంగతి, అసలు నేను ఉత్తరం రాయడానికి కారణం ఇదే. మీ పాత లీడ్ వచ్చే వారం వెళ్ళిపోతోందన్నావు. ఆవిడ మొదలుపెట్టిన ప్రతి ఫైలూ, టీమ్ అంతటికీ కలిపి ఉండే షేర్డ్ డ్రైవ్‌లో కాకుండా ఆవిడ సొంత డ్రైవ్‌లో ఉంటే, ఆవిడ పేరు మీదే ఉంటుంది. మీరంతా ఎడిటర్లయినా సరే. ఓనర్ ఫైలుని ట్రాష్‌లో వేస్తే ముప్ఫై రోజులకి శాశ్వతంగా పోతుంది. అకౌంట్ తీసేసేటప్పుడు ఫైళ్ళు ఇంకొకరి పేరుకి మార్చకపోయినా పోయే ప్రమాదమే. సొంత అకౌంట్లలో అయితే ఓనర్‌షిప్ ఇస్తానన్నది అవతలివాళ్ళు ఒప్పుకునేదాకా మారదు. ఆఫీసు అకౌంట్ నుంచి బయటి అకౌంట్‌కి అసలు మారదు.

కాబట్టి ఆవిడ సీటులో ఉండగానే పక్కన కూర్చుని పని పూర్తి చెయ్యి. డ్రైవ్ సెర్చ్‌లో ఓనర్ దగ్గర ఆవిడ అడ్రస్ పెట్టి వెతికితే నీకు కనిపించే ఫైళ్ళన్నీ వరసగా వస్తాయి. నీకు షేర్ చెయ్యనివి ఆవిడ డ్రైవ్‌లోనే కనిపిస్తాయి, అవి ఆవిడ్నే తెరిచి చూపించమను. టీమ్‌వి షేర్డ్ డ్రైవ్‌లోకి మార్చండి, అక్కడ ఫైళ్ళు మనిషి పేరు మీద కాక టీమ్ పేరు మీద ఉంటాయి. ఆ డ్రైవ్‌కి మేనేజర్లుగా ఇద్దరు ఉండాలి, నువ్వొక్కదానివే వద్దు. నువ్వూ సెలవు పెడతావు కదా.

మార్చడానికి పర్మిషన్ లేదని ఎక్కడైనా వస్తే ఆఫీసు అకౌంట్లు చూసుకునే మీ అడ్మిన్‌ని గురువారం లోపే పట్టుకో. శుక్రవారం ఆవిడ వీడ్కోలు హడావిడిలో ఎవరూ దొరకరు.

ఆశీస్సులతో,
మామయ్య