హెయిర్ ప్యాచ్ కొనబోయే మేనల్లుడికి

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ముందువైపు జుట్టు బాగా పలచబడిందనీ, గుంటూరులో హెయిర్ ప్యాచ్, అంటే జుట్టు పలచబడిన చోట జిగురుతో అతికించే విగ్గు ముక్క, పెట్టించుకోవాలనుకుంటున్నాననీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముందుగా ఒకసారి చర్మవైద్యునికి చూపించుకో. జుట్టు రాలడానికి మందుతో తగ్గే కారణమేదైనా ఉంటే ఈ ఖర్చే తప్పిపోతుంది.

ప్యాచ్ కొనేవారిలో చాలామంది ఒత్తుదనం చూసి మురిసిపోతారు. ఇన్నేళ్లుగా సెలూన్ నడుపుతున్న నేను మాత్రం నుదుటి మీద జుట్టు ఎక్కడ మొదలవుతుందన్నదే మొదట చూస్తాను. కనుబొమలకు సుమారు నాలుగు వేళ్ల ఎత్తున అంచు రావాలి. దానిని ఇంకా కిందికి దించితే ఎంత ఖరీదైన ప్యాచ్ అయినా అతికించినట్టే కనిపిస్తుంది. ఆ అంచు గీత గీసినట్టు తిన్నగా ఉండకుండా, కణతల దగ్గర కాస్త వెనక్కి తగ్గి, ముందు వరుసలో వెంట్రుకలు పలచగా మొదలై, వెనక్కి పోయేకొద్దీ ఒత్తుగా మారాలి. ప్యాచ్‌లో వెంట్రుకల ఒత్తును దుకాణాలవాళ్లు శాతాల్లో చెబుతారు. 130 శాతం ఒత్తున్నది చూపిస్తే వద్దని చెప్పు; 80 నుంచి 100 శాతం లోపు నీకు చాలు.

నీది గుండ్రటి ముఖం కనుక చెవుల పైభాగం పొట్టిగా కత్తిరించి, నడినెత్తిన కొంచెం ఎత్తు ఉంచి, పాపిడి పక్కకు తీయించుకుంటే ముఖం కాస్త పొడవుగా కనిపిస్తుంది. నుదుటి మీదికి జుట్టు దించితే చెంపలు మరింత నిండుగా కనిపిస్తాయి. మీ నాన్నగారిలా పొడవు ముఖమైతే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చెప్పేవాణ్ని.

మన కృష్ణా తీరపు ఎండలకూ ఉక్కకూ పూర్తి స్కిన్ బేస్, అంటే వెంట్రుకలు నాటిన అడుగుభాగమంతా చర్మంలాంటి ప్లాస్టిక్ పొరగా ఉండేది, నాకు నచ్చదు. దాని కింద చెమట ఆరదు. అడుగుభాగంలో ముందు లేస్ అనే సన్నని వల, వెనుక మోనో అనే గట్టి వల ఉన్న ప్యాచ్ తీసుకో. లేస్ సున్నితమైనది, లాగి దువ్వితే చిరుగుతుంది. రంగును దుకాణంలోని దీపాల కింద చూడవద్దు. బయట పగటి వెలుతురులో నీ చెవుల పక్క జుట్టుతో పోల్చి చూసుకో. జిగురును ముందుగా ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు దురదగానీ ఎరుపుగానీ లేకపోతేనే తలకు వాడు. మూడు నాలుగు వారాలకొకసారి ప్యాచ్ తీయించి మాడు శుభ్రం చేయించుకోవడం మానవద్దు.

ప్యాచ్‌ను నీ తలమీద పెట్టిన తరువాతే కత్తిరించాలి. అది మళ్లీ పెరిగే జుట్టు కాదు కనుక మొదటిసారి కొంచెం పొడుగ్గానే ఉంచమను. అడ్వాన్సు ఇచ్చే ముందు, తలకు నూనె రాసుకోకుండా ఒక ఆదివారం ఇక్కడికి రా. కొలత నేనే తీసి ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య