మూడేళ్లలో దిగిపోయే పోస్ట్‌మన్‌కు, రెండేళ్ల కింద దిగిపోయినవాడి మాట

తమ్మీ, మీరు అడిగింది ఇది: వయసు 57, పరకాల దగ్గర పోస్ట్‌మన్, అంతకుముందు తొమ్మిదేళ్లు ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, అంటే పర్మనెంట్ కాని పోస్టల్ కొలువు), 2001లో పరీక్ష రాసి పర్మనెంట్ అయ్యారు. దిగిపోయేనాటికి చేతికి ఎంతొస్తుంది, దాంతో హనుమకొండలో ప్లాట్ కొనొచ్చా అని. ప్లాట్ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ సర్వీసు బుక్ (మన కొలువు వివరాలన్నీ ఆఫీసు రాసిపెట్టే పుస్తకం) ఎప్పుడైనా తెరిచి చూశారా?

నేను చూడలేదు. నర్సంపేట వైపు ఒక బ్రాంచిలో 1988 నుంచి ఈడీ డెలివరీ, 1999 మార్చిలో పోస్ట్‌మన్, 2023 అక్టోబర్ 31న రిటైర్మెంట్. శాలువా కప్పారు, ఫొటో దిగారు, బాగానే జరిగింది. ఊరందరి మనియార్డర్లు, ఆసరా పింఛన్లు వేలిముద్ర పడకపోతే పడిందాకా కూర్చుని ఇచ్చినవాణ్ని, నా పింఛన్ కాగితాలు మాత్రం ఆఫీసే చూసుకుంటుందిలే అనుకున్నాను.

2006లో నన్ను కొన్ని నెలలు వేరే సబాఫీసుకు పంపారు. ఏడాదికోసారి సర్వీసు వెరిఫై చేసినట్టు బుక్‌లో రాసి సంతకం పెడతారు కదా, ఆ ఏడాదికి పెట్టలేదు. పైనా కిందా సంతకాలున్నాయి, మధ్యలో ఒక్క గడి ఖాళీ. పదహారేళ్లు దాన్నెవరూ పట్టించుకోలేదు. దానికితోడు కుటుంబం వివరాల కాగితంలో మా ఇంటామె పేరు లచ్చమ్మ అని ఉంది (కొలువులో చేరినప్పుడు నేనే అట్లా రాయించాను, ఇంట్లో పిలిచే పేరు అదే), ఆధార్‌లోనేమో లక్ష్మి, పుట్టిన తేదీ కూడా రెండు చోట్లా రెండు రకాలు. ఈ రెండూ సరయ్యేసరికి ఐదు నెలలు పట్టింది. నెలనెలా ప్రొవిజనల్ (తాత్కాలిక) పింఛన్ వచ్చింది, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (మిగిలిన లీవులకిచ్చే డబ్బు) కూడా ముందే పడింది, కానీ గ్రాట్యుటీ (సర్వీసును బట్టి దిగిపోయేటప్పుడు ఒకేసారి ఇచ్చేది), కమ్యుటేషన్ (పింఛన్‌లో కొంత వదులుకుని ముందే ఒకేసారి తీసుకునేది) రెండూ ఆగిపోయాయి.

ఆగితే ఆగాయి, అసలు తప్పు నేను అంతకుముందే చేశాను. నవంబర్‌లో డబ్బు వస్తుందన్న ధైర్యంతో చిన్న బిడ్డ పెళ్లి డిసెంబర్‌లో పెట్టుకున్నాం. తీరా డబ్బు రాలేదు. మూడు లక్షలు రెండు రూపాయల మిత్తికి తెచ్చాను. నెలకు ఆరు వేలు, ఐదు నెలలకు ముప్పై వేలు అట్లా పోయాయి, ఒక గడిలో సంతకం లేనందుకు. కాబట్టి డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని ఎవరికీ మాటివ్వకండి, కొడుక్కీ అల్లుడికీ కూడా.

18 ఏళ్ల సర్వీసు నిండినప్పుడు ఒకసారి, రిటైర్మెంట్‌కు ఐదేళ్ల ముందు ఒకసారి, క్వాలిఫైయింగ్ సర్వీసు (పింఛన్ లెక్కలోకి వచ్చే సర్వీసు) ఇంత అని ఆఫీసు మనకు రాసివ్వాలి, అది రూల్‌లోనే ఉంది. ఆ రెండు కాగితాలూ మీ చేతిలో లేకపోతే రాతపూర్వకంగా అడగండి, నోటిమాటగా కాదు.

ఇక లెక్క. మీరు 2004కు ముందే పర్మనెంట్ అయ్యారు కాబట్టి పాత పింఛనే, తర్వాత వచ్చిన ఎన్‌పీఎస్, యూపీఎస్ అనే కొత్త పింఛన్ పద్ధతుల తలనొప్పి మీకు లేదు. నా చివరి బేసిక్ 39,200. పింఛన్ అందులో సగం, 19,600. ఈడీ సర్వీసు కలవక పింఛన్ తగ్గిందని చాలామంది బాధపడతారు, అది నిజం కాదు. పదేళ్లు దాటితే చాలు, పూర్తి సగం వస్తుంది. ఈడీ సర్వీసు కలపకపోవడంతో దెబ్బ పడేది గ్రాట్యుటీ మీద. బేసిక్, డీఏ కలిపి నాకు 57,232 అయింది (అప్పుడు డీఏ 46 శాతం). ప్రతి ఆరు నెలలకు అందులో పావు వంతు చొప్పున, 24 ఏళ్ల 7 నెలలకు సుమారు 7 లక్షలు వచ్చాయి. ఆ పదకొండేళ్ల ఈడీ కూడా కలిసుంటే గరిష్ఠంగా పదహారున్నర నెలల జీతం, అంటే 9 లక్షల 44 వేలు వచ్చేది. రెండు లక్షల నలభై వేల పైచిలుకు పోయింది. దాని మీద కోర్టుకు పోదాం అని ఎవరైనా చందాలకు వస్తే ఇవ్వకండి, ఈడీ సర్వీసును పింఛన్ సర్వీసులో కలపడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఎండలో వానలో మోసిన బరువు మాత్రం అదే, ఏం చేస్తాం.

కమ్యుటేషన్ దగ్గర మాత్రం నిదానంగా ఆలోచించండి, ఫారం నింపేటప్పుడు అందరూ 40 శాతం అని రాసేస్తారు, నేనూ అదే రాశాను. నా పింఛన్‌లోంచి నెలకు 7,840 తెగింది, బదులుగా 7 లక్షల 70 వేలు ఒకేసారి వచ్చాయి. పదిహేనేళ్ల తర్వాత ఆ తెగింది మళ్లీ కలుస్తుంది. డీఆర్ (పింఛన్ మీద ఇచ్చే డీఏ) మాత్రం తెగకముందు ఉన్న పూర్తి 19,600 మీదే ఇస్తారు, అది మంచి విషయం. మా బిడ్డ బ్యాంకులో చేస్తుంది, కూర్చుని లెక్కేసి చెప్పింది, ఇది దాదాపు తొమ్మిది శాతం మిత్తికి అప్పు తెచ్చుకున్నట్టే అని. అంటే ఆ డబ్బు తెచ్చి 8.2 శాతానికి డిపాజిట్ చేస్తే మనకే నష్టం. కానీ రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, అట్లాంటి అప్పు ఉన్నవాడికి కమ్యుటేషన్ దేవుడిచ్చినట్టే. ఇంకొకటి, మధ్యలో మనం పోతే ఆ కోత మనతోనే ఆగిపోతుంది, భార్యకొచ్చే ఫ్యామిలీ పింఛన్‌లో ఏమీ తగ్గించరు. అప్పు లేకపోతే 40 శాతం మొత్తం తీయాల్సిన పనిలేదు, 20 తీసినా చాలు.

లీవులు నాకు 240 దినాలే మిగిలాయి, 4 లక్షల 58 వేలు వచ్చాయి. 300 దాకా ఇస్తారు. ఈ మూడేళ్లు అనవసరంగా లీవ్ పెట్టకుంటే మీకు లాభం, మేడారం జాతర ఏడాదిలో మాత్రం ఎవరైనా పెట్టకుండా ఉంటారా, అది వేరే సంగతి.

ఇప్పుడు ప్లాట్. నా తోటి పోస్ట్‌మన్ ఒకాయన వచ్చిందంతా పెట్టి మడికొండ వైపు ఒక వెంచర్‌లో కొన్నాడు. ఏడాది తిరక్కుండా ఆయనకు గుండె ఆపరేషన్ పడింది, ప్లాట్ అమ్ముదామంటే కొన్న ధరకు కూడా ఎవరూ రాలేదు. నేను అప్పు తీర్చి 10 లక్షలు మన పోస్టాఫీసులోనే సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాను, మూడు నెలలకోసారి 20,500 వస్తాయి. అత్యవసరమైతే ఏడాది దాటాక తీసుకోవచ్చు, రెండేళ్లలోపైతే ఒకటిన్నర శాతం, ఆ తర్వాతైతే ఒక శాతం కోస్తారు, అంతే. ఇంకో 4 లక్షలు మా ఇద్దరి పేరు మీద ఎంఐఎస్‌లో (నెలనెలా మిత్తి ఇచ్చే పోస్టాఫీసు స్కీమ్) ఉన్నాయి, నెలకు 2,467. ఇన్నేళ్లు ఊరోళ్లందరితో ఆ ఖాతాలు తెరిపించి, సొంత డబ్బు దగ్గరికొచ్చేసరికి వెంచర్ బ్రోకర్‌ను నమ్మడం నాకైతే అర్థం కాదు. ఉండడానికి ఇల్లు లేకపోతే కొనండి. ధర పెరుగుతుందని మాత్రం కొనకండి.

వైద్యం సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల, పింఛన్‌దారుల వైద్య పథకం) కార్డుకు మన జీతం లెవల్ వాళ్లు ఒకేసారి 30,000 కడితే జీవితాంతం పనిచేస్తుంది. మన ఊళ్లో సెంటర్ లేకపోయినా హైదరాబాద్‌లో తీసుకోవచ్చు, మామూలు జ్వరాలకు నెలకు 1000 రూపాయల మెడికల్ అలవెన్స్ తీసుకుంటూ, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే కార్డు వాడుకోవచ్చు. మా ఇంటామె మోకాలి ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది, లేకపోతే ఎంఐఎస్ డబ్బు అప్పుడే అయిపోయేది.

ఇది చదివే జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్, అంటే పాత ఈడీ) తమ్ముళ్లకు ఒక మాట. నా బావమరిది ఇంకా బీపీఎం (బ్రాంచి పోస్ట్‌మాస్టర్), 65 దాకా చేస్తాడు, తర్వాత పింఛన్ లేదు. గ్రాట్యుటీ గరిష్ఠం లక్షన్నర, దానికితోడు ఎస్‌డీబీఎస్‌లో (కొలువులో ఉన్నన్నాళ్లూ జమచేసి దిగిపోయేటప్పుడు ఇచ్చే పథకం) జమైంది కొంత. మీకు ఈ లెక్కలేవీ పనికిరావు, వయసుంటే పోస్ట్‌మన్ పరీక్ష రాయండి, ఎవుసం ఉంటే వదులుకోకండి.

తమ్మీ, సోమవారం ఆఫీసుకు పోగానే సర్వీసు బుక్ చూపించమని అర్జీ ఇవ్వండి. మొదటి పేజీ నుంచి ఒక్కో ఏడాది వేలు పెట్టి చూడండి. భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూసుకుని, ఏ ఏడాది గడి ఖాళీగా ఉందో ఇక్కడే రాయండి, ఎట్లా అర్జీ పెట్టాలో నాకు బాగా తెలిసిపోయింది, చెప్తాను.